వైరు పీకే ఆయన

తిరుపతిలో మా రక్తపరీక్షల ల్యాబుకు కంప్యూటర్లు చూసే ఆయన ఎప్పుడొచ్చినా, నన్ను అడగకుండానే ముందు మా రిపోర్టులన్నీ ఉండే సర్వర్ వైరు పీకేసేవాడు. "ఇది పోయిందనుకో. కాపీ ఉండాదని నమ్మొద్దప్పా, తెరిచి సూడు" అనేవాడు.

ఆ కాపీ వడమాలపేటలో మా వదిన ఇంట్లో ఉండేది. కాపీలు దాచిపెట్టే పెద్ద కంపెనీల సేవలు కొనే స్తోమత నాకు లేదని, ఆయనే అక్కడొక పాత కంప్యూటర్ పెట్టించి, మా ల్యాబులో ఎక్కే ప్రతి రిపోర్టూ అందులోనూ ఎక్కేలా చేశాడు.

మొదటిసారి వైరు పీకి చూస్తే అక్కడ నాలుగు రోజుల రిపోర్టులు లేవు. కాణిపాకం పోతూ వదిన ఇంట్లో స్విచ్చులన్నిటితో పాటు దాన్నీ ఆపేసి, వచ్చాక మరిచిపోయిందట. ఆయన కోప్పడలేదు. ఫోన్లో, "అక్కా, ఆ స్విచ్చికి బొట్టు పెట్టు. ఇంక దాని మీద ఎవురూ చెయ్యి ఎయ్యరు" అన్నాడు. వదిన పసుపు కూడా రాసింది.

తర్వాత ఆయన వేరే ఊరికి వెళ్లిపోయాడు. మొన్నటి వానలకు ల్యాబులోకి నడుంలోతు నీళ్లొచ్చి సర్వర్ మునిగిపోయింది. వదిన ఇంటికి పరిగెత్తి తెరిచి చూస్తే, ఆ ఉదయం ఇచ్చిన చివరి రిపోర్టుతో సహా అన్నీ ఉన్నాయి. ఆనందం పట్టలేక ఆయనకు ఫోన్ చేశాను.

అంతా విని, "మంచిది. ఇప్పుడు నీకు ఉండేది అదొక్కటే గదప్పా. రెండోది యాడ పెడతావు?" అన్నాడు.