రేవులో తప్పుగా పడిన బంతి

మార్చిలో, అమెరికాలో గడియారాలు గంట ముందుకు జరిపే ఆదివారం ఉదయం వంటింట్లో ఓవెన్ మీది టైం సరిచేస్తుంటే, నొక్కిన ప్రతిసారీ అది బీప్‌మంటుంది. ఇన్నేళ్లయినా ఆ శబ్దానికి నా అరచేతులు చెమరుస్తాయి. వెంటనే రత్నం అంకుల్ గుర్తొస్తారు.

ఎడిసన్‌లోని మా తెలుగు క్రైస్తవ సంఘంలో ఆయన పిల్లలకు సండే స్కూల్ చెప్పేవారు. అంతకుముందు సరుకుల ఓడల్లో ఆఫీసరు. కాకినాడ మాటతీరు, ఇస్త్రీ చెదరని తెల్లచొక్కా. ఒకసారి పిల్లలతోపాటు నన్నూ దక్షిణ మన్‌హట్టన్‌కు తీసుకెళ్లి, పాత దీపస్తంభం కొసన ఉన్న బంతిని చూపించారు. రేడియో లేని కాలంలో రేవుల్లో అలాంటి బంతిని ముందుగా పైకి లాగి ఉంచి, సరిగ్గా టైముకు జారవిడిచేవారట. ఓడల మీద ఆఫీసర్లు దుర్భిణితో దాన్నే చూస్తూ తమ గడియారం తప్పెంతో రాసుకునేవారట. నడిసముద్రంలో తామెక్కడున్నారో లెక్కగట్టడానికి ఆ గడియారమే ఆధారం. నాలుగు సెకన్లు తేడా వస్తే భూమధ్యరేఖ దగ్గర ఓడ లెక్క ఒక మైలు తప్పుతుంది.

"ఫోన్ చూసుకుంటే అయిపోద్ది కదా అంకుల్?" అన్నాడొక పిల్లాడు.

"మరి నీ ఫోన్ ఎవర్ని చూసి చెప్తందిరా?" అన్నారాయన.

మరుసటి ఆదివారం సాక్ష్యాల సమయంలో ఆయన లేచి నిలబడ్డారు. మా సంఘంలో సాక్ష్యమంటే వీసా వచ్చిందనో, ఇల్లు కొన్నామనో దేవునికి కృతజ్ఞత చెప్పడం. ఆయన మాత్రం, "బంతి కింద తగిలినప్పుడు టైం అని పిల్లలకి తప్పు చెప్పాను. పైన కదిలిన క్షణమే టైం. క్షమించండి" అని కూర్చున్నారు. "దీన్ని కూడా సాక్ష్యం అంటారా?" అని వెనక ఒక ఆంటీ గొణిగింది. చుట్టుపక్కలవాళ్లు నవ్వారు. నేనూ నవ్వాను.

మరుసటి మార్చిలో గడియారాలు మారిన ఆదివారం, సంఘంలో సగం మంది ఇంకా రానేలేదు. ప్రసంగం మధ్యలో నా ఫోన్‌కు బీప్‌మని ఒక హెచ్చరిక వచ్చింది. ఒక వృద్ధుల సంరక్షణ కేంద్రంలో నర్సులు మందుల వేళలు చూసుకునే ప్రోగ్రాం రాసింది నేనే. అందులో గడియారం గంట ముందుకు జరగలేదు. పార్కింగ్‌లోకి పరుగెత్తి, కార్‌లో లాప్‌టాప్ తెరిచి సరిచేశాను.

అంకుల్ వచ్చి అద్దం మీద తట్టారు. "ఏం నాన్నా, దేవుని వాక్యం మధ్యలో లేచొచ్చేశావ్?"

చెప్పాను. "ఫిక్స్ చేసేశా అంకుల్. ఎవరూ చూడలేదు. చెప్తే జాబ్ పోతుంది. నా హెచ్‌వన్ వీసా ఆ జాబ్ మీదే ఉంది."

"పొద్దున్న మందులు ఇచ్చేశారా?"

"ఇచ్చేశారు."

ఆయన పక్క సీట్లో కూర్చున్నారు. "రేవులో బంతి ఒక్కోసారి తప్పు టైముకి పడిపోయేది. అప్పుడేం చేసేవారో తెలుసా? జెండా ఎగరేసేవారు. పడింది తప్పు, నమ్మొద్దు అని రేవంతటికీ తెలిసేలాగ. తర్వాత మళ్లీ వేసేవారు. బంతిని చప్పుడు చెయ్యకుండా పైకి లాగేసుకుంటే, దాన్ని చూసి టైం రాసుకున్న ఓడల గతేంటి?"

అప్పుడు తట్టింది. ఎనిమిదింటికి ఇచ్చినట్టు నమోదైన నొప్పి మందు నిజానికి తొమ్మిదింటికి ఇచ్చారు. నాలుగు గంటలకోసారి ఇవ్వాల్సిన మందు. నేను గడియారం సరిచేశాను కనుక, పన్నెండు కాగానే మళ్లీ ఇవ్వమని తెర చెబుతుంది. మూడు గంటలకే రెండో మోతాదు. ఫోన్‌లో టైం పదకొండూ నలభై.

"ప్రార్థన చేద్దాం అంకుల్."

"నేను చేస్తాను. నువ్వు ఫోన్ చెయ్."

ఆయన కళ్లు మూసుకున్నారు. నాలుగు రింగుల తర్వాత నర్సు ఎత్తింది. తప్పు నాదేనని చెప్పాను. ఆమె నన్ను తిట్టలేదు. "ఆగు, పెన్ తీసుకోనీ. ఏయే గదులు?" అంది. గది నంబర్లు ఒక్కొక్కటే చదివాను. ఆఖరి గదికి వచ్చేసరికి పన్నెండుకు మూడు నిమిషాలున్నాయి. ఆ గదిలోకి మందు కాస్త ముందుగానే వెళ్లిపోయిందట. ఆమె ఫోన్ కింద పడేసి పరుగెత్తింది. తిరిగొచ్చి, "ఇంకా మింగలేదు" అనేదాకా నేను తెర మీది టైమునే చూస్తూ ఉన్నాను.

మర్నాడు మేనేజర్‌కు చెప్పాను. నన్ను ఆ ప్రాజెక్టు నుంచి తీసేశారు. వీసా నిలుస్తుందో లేదో తెలియకుండా ఆరు వారాలు గడిచాయి. అంకుల్ రోజూ ఫోన్ చేసేవారు. ఉద్యోగం సంగతి ఒక్కసారీ అడగలేదు. "అన్నం తిన్నావా?" అనేవారు. చివరికి అదే కంపెనీలో మరో మందుల ప్రోగ్రాం పని ఇచ్చారు గానీ, భయం మాత్రం నన్ను వదల్లేదు. ఈ భయం పోయేలా ప్రార్థించమని ఒకరోజు ఆయన్ను అడిగాను.

"అది నేను అడగను నాన్నా" అన్నారు. "భయంలో నీకు తోడుండమని అడుగుతాను. నువ్వెవరో తెలీకుండా నీ లెక్కని నమ్మి మందు మింగే ముసలివాళ్లకి నీ భయం కావాలి."

కిందటేడు ఆయన ప్రభువు సన్నిధికి వెళ్లిపోయారు. నేను ఇప్పటికీ మందుల ప్రోగ్రాములే రాస్తున్నాను. కొత్త మార్పును విడుదల చేసే ముందు నా వేలు వణుకుతుంది. తల వంచుకుని ప్రార్థిస్తాను. ఆ వణుకు తీసెయ్యమని మాత్రం అడగను.