ఐదో నిమ్మకాయ

నారాయణఖేడ్‌ల బస్సెక్కితే నా పక్క సీట్ల ఒక అక్క కూసున్నది. ఒళ్లె కొబ్బరికాయ, పూలదండ, ఐదు నిమ్మకాయలు. ఇంట్ల మొదటి కారు తెచ్చుకోను సంగారెడ్డి పోతున్నదట. నాకూ కారున్నదని తెలవంగనే అడిగింది.

"తమ్మీ, గీ వారంటీల ఏమేమొస్తయ్?"

"ఇంజన్ల, గేర్‌బాక్సుల తయారీ లోపముంటే కంపెనీయే బాగుచేస్తదక్కా. బ్యాటరీకి దాన్ని చేసినోళ్ల వారంటీ వేరే. గడువు పెంచాల్నంటే ఇంకిన్ని పైసలు కట్టాలె. టైర్లు అరిగితే మాత్రం ఎవ్వలియ్యరు, మనదే."

అక్క పకపక నవ్వింది.

"అయితే నాలుగు టైర్ల కింద నాలుగు పెట్టి తొక్కిస్త. గీ ఐదోది ఇంజన్ మీదికని తెచ్చిన. ఇగ దాన్ని కంపెనోడే చూస్కుంటడు గదా!"

ఆ నిమ్మకాయ నా చేతిల పెట్టింది. ఇంటికి పోయి షర్బత్ చేసుకొని తాగిన.

ఇప్పటికీ ఎక్కడన్న కొత్త కారుకు పూజ చేస్తుంటే నాకు నోరూరుతది.