సన్నాయి పుల్లయ్య గారి పాత పలువరస

1976, శ్రావణ మాసం, మంగళవారం, ఉదయం పదిన్నర. గవర్నర్‌పేటలో డాక్టర్ గారి క్లినిక్ వెనక గదిలో మైనం కరిగిస్తున్నాను. పళ్ళ సెట్లు కట్టడం నా పని. డాక్టరు నోటి కొలత తీసి ఇస్తే, దానితో ప్లాస్టర్ అచ్చు పోసి, అచ్చు మీద పళ్ళు అమర్చేవాణ్ణి.

వయసు ముదిరాక అక్షరాలు నేర్చుకున్నాను గనుక ఇది రాయగలుగుతున్నాను. అప్పట్లో నాకు వచ్చినవి గీతలే. ప్రతి సెట్టుకూ ముందు వ్యాక్స్ ట్రయల్ ఉంటుంది. అంటే మైనంలో పళ్ళు గుచ్చి, నోట్లో పెట్టి చూడటం. కుదిరాక మైనం తీసేసి ఆ చోట గులాబీరంగు ఆక్రిలిక్ నింపుతాం. ఆ పనిలో అచ్చు పగిలిపోతుంది. అందరూ ఆ ముక్కలు ఊడ్చి పారేస్తారు. నేను మైనం తీసేముందే ఆ పళ్ళ వరసకు ప్లాస్టర్‌తో నకలు పోసి, మొదటిదానికి ఒక గీత, మార్చి కట్టినదానికి రెండు గీతలు పెట్టి అటకెక్కించేవాణ్ణి. “రాళ్ళ కొట్టు పెట్టావేంటయ్యా” అని డాక్టర్ గారు విసుక్కునేవారు.

ఆ పూట సన్నాయి పుల్లయ్య గారు భార్య అచ్చమ్మ గారితో వచ్చారు.

“మేస్త్రీ, ఊపిరి పోతోందయ్యా.”

“కూర్చోండి, డాక్టర్ గారిని పిలుస్తా.”

“ఆ ఊపిరి కాదు. సన్నాయిలోకి పోవాల్సింది పెదవి పక్కనుంచి పోతోంది.”

ఆయన మొదటి సెట్టు సొంత పళ్ళలాగే ముందుకు ఉండేది. వాయించడానికి బాగుండేది గానీ, కొరికితే జారేది. అందుకని నెల కిందట ముందు పళ్ళు లోపలికి జరిపి రెండోది కట్టాం. ఇప్పుడు గారెలు కూడా తింటున్నారు. వాయించడం మాత్రం పోయింది. మొన్న కంకిపాడు పెళ్ళిలో సరిగ్గా తాళి కట్టే వేళకు సన్నాయి తుస్సుమందట. శుక్రవారం అదే ఊళ్ళో ఇంకో పెళ్ళి. అదీ చెడితే ఇక ఆయన మేళాన్ని పిలిచేవాళ్ళు ఉండరు.

“పాత సెట్టు పెట్టుకు వాయించండి” అన్నాను.

ఇద్దరూ మొహాలు చూసుకున్నారు.

“ఊడిన పన్ను ఇంట్లో ఉండకూడదు కదా అన్నయ్యగారూ. బందరు కాలవలో వేసేశాను” అన్నారు అచ్చమ్మ గారు.

“అది ఊడిన పన్నేంటమ్మా? నేను కట్టిన పన్ను!”

అటక మీంచి రెండు నకళ్ళూ దించాను. పుల్లయ్య గారు ఒక గీత ఉన్నదాన్ని వేలితో తడిమి, “ఇదీ నా నోరు” అన్నారు.

“ఆ నోటితో మూడేళ్ళు జావ తాగారు. కాచింది నేను. మళ్ళీ అది నాకొద్దు” అన్నారావిడ.

డాక్టర్ గారు వచ్చి, ముందు పళ్ళు పాతదానిలా, దవడ పళ్ళు కొత్తదానిలా కలిపి చూడమన్నారు. మైనంలో కట్టాను. నోటి వేడికి మైనం మెత్తబడుతుంది గనుక నిమిషమే వాయించమన్నాను. సన్నాయి పలికింది. ఆయన కళ్ళు తుడుచుకున్నారు. తీరా కొరకమంటే సెట్టు వెనక వైపు లేచిపోయింది. రెండు మంచి సగాలు కలిపినా ఒక మంచి సెట్టు కాలేదు.

“ఏదో ఒకదానికి సర్దుకోవాలి” అన్నారు డాక్టర్ గారు.

అచ్చమ్మ గారు ఒక గీత ఉన్న నకలు నా ముందుకు జరిపారు.

“పాతది కూడా కట్టండి అన్నయ్యగారూ. పందిట్లో అది, కంచం ముందు ఇది. డబ్బాలు నా దగ్గరుంటాయి.”

“ఒక మనిషికి రెండు పలువరసలా?” డాక్టర్ గారు నవ్వారు.

“మీకు చెప్పులెన్ని జతలండీ?”

చిగుళ్ళు మారాయి గనుక కొలత కొత్తగా తీసి, పళ్ళ వరస పాత నకలు చూసి కట్టాను. శుక్రవారం కంకిపాడు వెళ్ళి పందిట్లో కూర్చున్నాను. తాళి కట్టే వేళ సన్నాయి ఎక్కడా తడబడలేదు. భోజనాల దగ్గర ఆవిడ కొంగు అడ్డం పెట్టి డబ్బా మార్చి ఇచ్చారు.

కొత్తది కట్టగానే పాతది తప్పనుకోవడం తెలివితక్కువ. ఒక పనికి తప్పయింది ఇంకో పనికి ఒప్పవుతుంది. ఎవరు ఎందుకు వెనక్కి రావాల్సొస్తుందో కట్టేవాడికేం తెలుసు? దారి ఉంచాలి, అంతే.

ఆ మంగళవారం ఆ గదిలో ఉన్నది సన్నాయి పుల్లయ్య గారు, అచ్చమ్మ గారు, డాక్టర్ రంగనాయకులు గారు, కోటయ్య అనే నేను.