రేణిగుంట ఎండలో బోర్డులు టెస్ట్ చేసిన మా చందు

నిన్న పొద్దున స్కూల్లో ఫస్ట్ పీరియడ్‌కి లేచి వెళ్లబోతుంటే ఫోన్ మోగింది. చిన్నాయన.

"పాపా, మనోడు లేడమ్మా" అన్నాడు.

ఎవరు అని అడిగాను.

తెలిసి కూడా అడిగాను.

ముందు రోజు సాయంత్రం దాకా హాస్పిటల్లో వాడి పక్కనే ఉన్నాను. జ్వరం తగ్గితే ఇంటికి పంపిస్తామన్నారు. ఇన్ఫెక్షన్ రక్తంలోకి పాకిందట. తెల్లారేసరికి అంతా అయిపోయింది.

చందు మా పిన్ని కొడుకు. పిన్ని వాడి చిన్నప్పుడే పోయింది. చిన్నాయన ఒక్కడే పెంచాడు. నాకు తోడబుట్టినవాళ్లు లేరు, నాకున్న తమ్ముడు వాడే.

మీలో కొందరికి వాడు యూట్యూబ్‌లో తెలుసు. తెలియనివాళ్లకి చెబుతున్నాను.

రేణిగుంటలో ఒక ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. కిడ్నీలు పాడయ్యాక ఉద్యోగం వదిలేశాడు. రోజు విడిచి రోజు నేనుండే తిరుపతిలో డయాలసిస్. మిగతా టైమంతా మేడ మీద రేకుల గదిలో కంప్యూటర్ల మదర్‌బోర్డులు టెస్ట్ చేసేవాడు.

ఓవర్‌క్లాకింగ్ అంటారు. ప్రాసెసర్‌ని కంపెనీ పెట్టిన స్పీడ్ కంటే ఎక్కువ స్పీడ్‌లో నడపడం. ఆ లోడ్‌ని మదర్‌బోర్డ్ ఎంతసేపు మోస్తుంది, ఎక్కడ కాలిపోయేంత వేడెక్కుతుంది, ఎప్పుడు చేతులెత్తేస్తుంది, ఇదీ వాడు చూసి యూట్యూబ్‌లో చెప్పేది. టెస్ట్ ఆన్ చేసి డయాలసిస్‌కి వచ్చేవాడు. తిరిగెళ్లాక, ఎంత నీరసంగా ఉన్నా గోడ పట్టుకుని మెట్లెక్కి స్క్రీన్ చూశాకే పడుకునేవాడు.

సెలవు రోజుల్లో నేనూ ఆ గదిలో కూర్చునేదాన్ని. వోల్టేజ్ ఎందుకు పెంచుతున్నాడో, ఎందుకు తగ్గిస్తున్నాడో చెబుతూ ఉండేవాడు. సోషల్ టీచర్ని, నాకేం తెలుస్తుంది? అయినా వినేదాన్ని. అది చెప్పేటప్పుడు వాడు పేషెంట్‌లా ఉండేవాడు కాదు.

ఒకసారి ఒక కంపెనీ వాళ్లే రివ్యూ కోసం బోర్డు పంపించారు. వాడి సంతోషం చూడాలి. ఆ డబ్బా పట్టుకుని ఫొటో దిగి నాకు పంపాడు.

మే నెల. రేకుల కింద నిలబడలేం. బోర్డు తట్టుకుంటుందని బాక్స్ మీద రాసిన స్పీడ్ పెట్టి టెస్ట్ నడిపితే మధ్యలో సిస్టమ్ బిగుసుకుపోయింది. బోర్డుకి అన్యాయం చేయకూడదని ర్యామ్ మార్చాడు, ఫ్యాన్ మార్చాడు, మళ్లీ మళ్లీ నడిపాడు. ప్రతిసారీ అంతే.

సంగతి చెబితే కంపెనీ నుంచి ఒకాయన ఫోన్ చేశాడు. మర్యాదగానే మాట్లాడాడు. ఏసీ గదిలో టెస్ట్ చేసి వీడియో పెట్టమన్నాడు.

"సార్, నా రూంలో ఏసీ లేదని చెప్తా. మీ బోర్డు ఆగిపోయిందనీ చెప్తా. రెండూ చెప్తా" అన్నాడు చందు.

రెండూ చెప్పాడు. మళ్లీ ఏ కంపెనీ బోర్డూ రాలేదు.

ఆ వారం డయాలసిస్ బెడ్ మీద గోడవైపు తిరిగి పడుకున్నాడు.

తర్వాత సత్యవేడు నుంచి ఒక స్టూడియో ఆయన బైక్ మీద వచ్చాడు. ఆయనదీ అదే బోర్డు. పెళ్లి వీడియోలు ఎడిట్ చేస్తుంటే మాటిమాటికీ ఆగిపోయేదట. చందు వీడియో చూసి స్పీడ్ మామూలుకి తగ్గించుకున్నాక ఇబ్బంది పోయిందట. సంచి నిండా మామిడిపండ్లు తెచ్చాడు.

కిడ్నీ పేషెంట్లు మామిడిపండు తినకూడదు. చందు ఆ మాట ఆయనకి చెప్పలేదు. ఒక పండు తీసుకుని, ముక్కు దగ్గర పెట్టుకుని, కళ్లు మూసుకున్నాడు. "మీ తోటవేనా అన్నా? వాసనే సెప్తా ఉండాది" అన్నాడు. ఆయన వెళ్లేదాకా దాన్ని చేతిలోనే పట్టుకున్నాడు.

నేను వంటింట్లోకి వెళ్లిపోయాను.

ఆయన ఎవరెవరికి చెప్పాడో గానీ, జనం వాళ్ల వాళ్ల బోర్డులే వాడి దగ్గరికి పంపడం మొదలుపెట్టారు. చందు ఓకే అన్నాకే వాడుకుంటామనేవాళ్లు.

ఆఖరిది సూళ్లూరుపేట నుంచి ఒక కుర్రాడు పంపాడు.

మొన్న ఎప్పటిలాగే టెస్ట్ ఆన్ చేసి డయాలసిస్‌కి వచ్చాడు. అక్కడే చలి, వణుకు. అడ్మిట్ చేసుకున్నారు. చిన్నాయన హాస్పిటల్‌కి బయల్దేరుతుంటే ఫోన్‌లోనే వద్దన్నాడు. అక్క ఉంది కదా, నువ్వు మిషన్ దగ్గర ఉండు, ఎవరూ ఆపకుండా చూడు అన్నాడు.

కంప్యూటర్ అంటే ఏమిటో చిన్నాయనకి తెలియదు. అన్నం కూడా పైకే తెచ్చుకుని దాని ముందు కూర్చున్నాడట.

సాయంత్రం ఫోన్ చేశాడు. నేను స్పీకర్ పెట్టి చందు చెవి దగ్గర ఉంచాను.

"కరెంటు పోయిందప్పా. ఇన్వర్టర్ గూడా ఆగిపోయింది. నేనేం సేయలేకపోయినా" అన్నాడు చిన్నాయన. ఏడుపు ఆపుకుంటున్నట్టు తెలుస్తూనే ఉంది.

చందు ఆక్సిజన్ మాస్క్ పక్కకి జరుపుకున్నాడు.

"పోనీలే నాయనా. నేనొచ్చి మళ్లీ పెడతా."

చిన్నాయన ఇల్లు తాళం వేసి బస్సెక్కి వచ్చాడు. ఆయన్ని పక్కన కూర్చోబెట్టి నేను ఇంటికి వచ్చేశాను. ఆ తర్వాత వాడు పెద్దగా మాట్లాడలేదట.

నిన్న సాయంత్రమే వాడిని తీసుకెళ్లారు.

ఈరోజు పొద్దున బంధువులంతా కింద ఉంటే చిన్నాయన కనబడలేదు. పైకి వెళ్లి చూస్తే రేకుల గదిలో ఉన్నాడు. ఆగిపోయిన స్క్రీన్ మీద తువ్వాలుతో దుమ్ము తుడుస్తున్నాడు.

"పాపా, ఇది మళ్లీ పెట్టేది నీకు తెలుసునా?" అన్నాడు.

తెలుసు. వాడి పక్కన కూర్చుని ఎన్నిసార్లు చూశానో.

ఆన్ చేశాను. వాడు పెట్టిన సెట్టింగ్స్ అలాగే ఉన్నాయి. నేను దేన్నీ ముట్టుకోలేదు. టెస్ట్ స్టార్ట్ నొక్కాను. ఫ్యాన్లు తిరగడం మొదలయ్యాయి.

చిన్నాయన కుర్చీ దగ్గరికి జరుపుకుని కూర్చున్నాడు.

సూళ్లూరుపేట తమ్ముడూ, ఇది చదువుతుంటే కాస్త ఓపిక పట్టు. నీ బోర్డు సంగతి చిన్నాయన చెబుతాడు.

చందూ, వెళ్లిరా నాన్నా. ఇక నీకు ఏ నొప్పీ ఉండకూడదు. నువ్వు ఎక్కడున్నా చల్లగా ఉండాలి.