శాంతాబాయి తీయించిన తాళం

మొన్న నిజామాబాద్ బజారులో ఒక రెడీమేడ్ దుకాణం ముందు నుంచి నడుస్తుంటే, అప్పుడే విప్పిన బట్టల కట్ట నుంచి గంజి వాసన ముక్కుకు తగిలింది. దాంట్లో మిషన్ నూనె వాసన కూడా కలిసి ఉంది. ఎండలో అక్కడే నిలబడిపోయాను. "ఏం గావాలె అక్కా?" అని దుకాణంలోని అమ్మాయి అడిగితే, ఏమీ వద్దని చెయ్యి ఊపి ముందుకు నడిచాను. నాకు గుర్తొచ్చిన మనిషి పోయి చాలా ఏళ్లయింది. ఆమె పేరు శాంతాబాయి.

ఎనభైల చివర్లో నేను రెంజల్ పల్లె నుంచి ఈ నిజామాబాద్ పట్నానికే వచ్చి, మేనత్త ఇంట్లో ఉంటూ, బడిపిల్లల బట్టలు కుట్టే ఒక షెడ్డులో పనికి చేరాను. మొదటి రోజు నా చేతిలో దారం తెగుతూనే ఉంది. సూపర్‌వైజర్ చూస్తాడేమోనని బిగుసుకుని కూర్చున్నాను. పక్క మిషన్ మీద కాసెపోసి చీర కట్టిన, నుదుట పచ్చబొట్టున్న ఒక బక్కపలచని మనిషి లేచి వచ్చి నా రెండు భుజాలూ కిందికి నొక్కింది. "అగ పోరీ, గట్ల బిగుసుకోకు. మిషిను కరువది" అంది. నవ్వొచ్చింది. ఆ తర్వాత దారం తెగలేదు.

మధ్యాహ్నం జొన్నరొట్టె, తొక్కు పంచుకు తింటూ ఆమె తన కథ కొంచెం కొంచెంగా చెప్పేది. మహారాష్ట్రలో దెగ్లూర్ వైపు పల్లె ఆమెది. చెరుకు కొట్టే ముఠాతో భార్యాభర్తలు బోధన్ వచ్చారు. ఆ పనికాలంలోనే జ్వరంతో భర్త పోయాడు. ముఠా తిరిగి వెళ్లినా ఆమె వెళ్లలేదు. బోధన్‌లో ఒక దర్జీ భార్య దగ్గర కుట్టుపని నేర్చుకుని పట్నం చేరింది. ఎందుకు వెళ్లలేదని అడిగాను. "ఒక్కదాన్నే పోతే అత్తగారింట్ల మూలకు కూసోవెడ్తరు పోరీ. ఈడ నేనెవ్వలో ఎవ్వలకు ఎరుకలేదు. లేసి నిలవడొచ్చు."

ఆమె తెలుగులో ఆడామగా తేడా ఉండేది కాదు. యజమాని కారు దిగితే "సేట్ వచ్చింది, సేట్ వచ్చింది" అని మమ్మల్ని హెచ్చరించేది. మేం పడీపడీ నవ్వేవాళ్లం. ఎవరో సరిదిద్దితే, "ఆయనకు గదే మంచిగున్నది తీ" అనేది.

ఆ షెడ్డు తలుపుకు పొద్దున మేం లోపలికి వెళ్లగానే బయటినుంచి తాళం పడేది. బట్ట దొంగతనంగా పోతుందని సేటు అనుమానం. ఒక ఎండాకాలం మధ్యాహ్నం స్విచ్‌బోర్డు నుంచి పొగ లేచింది. అందరం తలుపు మీద పడ్డాం. తాళంచెవి ఉన్న కాపలావాడు చాయ్‌కి పోయాడు. అతను పరుగెత్తుకొచ్చి తీసేసరికి తొక్కిసలాటలో మాతో కుట్టే రజియా కింద పడి ఉంది. అప్పుడామె కడుపుతో ఉంది. మంటలైతే లేవలేదు. కానీ ఆ వారంలోనే రజియాకు కడుపు పోయింది. తలుపుకు మాత్రం మళ్లీ తాళం పడింది.

శాంతాబాయి ఆ వారమంతా ఎవరితోనూ నవ్వలేదు. శనివారం మా అందరి చెవుల్లో ఒకటే మాట వేసింది. ఆదివారం ఆరాధన అయ్యాక, నేను వెళ్లే చర్చి ఆవరణలో కలవాలని. "ఇంట్ల ఏం చెప్పి రావాలె బాయీ?" అని ఒకామె భయపడితే, "చర్చికి పోతున్నమని చెప్పున్రి. అబద్ధం గాదు గద" అంది. హిందువులు, ముస్లింలు, మా క్రైస్తవులు, అందరూ వచ్చారు. రజియా కూడా తల్లి చెయ్యి పట్టుకుని వచ్చి గోడకు ఆనుకుని కూర్చుంది. మా కుట్టుపనివాళ్ల సంఘం ఆ రోజే పుట్టింది.

సోమవారం మేమెవరం లోపలికి వెళ్లలేదు. శాంతాబాయి తలుపు ముందు కూర్చుంది. మేం ఆమె వెనుక కూర్చున్నాం. కారు ఆగింది. వెనుక నుంచి ఎవరో సన్నగా "సేట్ వచ్చింది" అన్నారు. అంత భయంలోనూ అందరం ఒక్కసారిగా నవ్వేశాం. భయం సగం అక్కడే పోయింది.

సేటు ఆమెతో మాట్లాడలేదు, మాతో మాట్లాడాడు. "ఈ మరాఠీదాని మాట ఇని ఆగమైతరా? రేపు బస్సెక్కి దాని దేశం అది పోతది. మీరేడికి పోతరు?"

శాంతాబాయి లేచి నిలబడింది. "నా మనిషిని మంజీర ఒడ్డుకు మట్టిచేసిన, సేట్. నేను యాడికి పోత? తాళం తియ్యి, లోపటికి పోయి కుడుతం."

సేటు ఆ రోజు తీయలేదు. ఎండలోనే రోజులు గడిచాయి. చివరికి మా అర్జీ మీద కార్మిక శాఖ అధికారి వచ్చి తలుపు చూసి వెళ్లాక తాళం వేయడం ఆగింది. ఆ తర్వాత కొన్నాళ్లకే పని తగ్గిందన్న సాకుతో శాంతాబాయిని తీసేశారు. మేం మళ్లీ కూర్చుంటామంటే ఆమే వద్దంది. "నా ఒక్కదాని కోసం గాదు. వేరే షెడ్డులల్ల గిట్ల తాళాలున్నయి, గవి సూద్దాం పా."

అట్లా ఆమె వెంట సందుసందూ తిరిగాను. మొదటిసారి కొత్త షెడ్డు ఆడవాళ్ల ముందు నన్ను ముందుకు తోసి, "నా తెలుగుకు నవ్వుతరు, నువ్వు మాట్లాడు" అంది. మా షెడ్డు తాళం సంగతి చెప్పాను. అప్పటికే ఆమె తెలుగు మా అందరి తెలుగంత చక్కగా ఉందని ఇంటికి వెళ్లాక గాని నాకు తట్టలేదు.

రెండువేల సంవత్సరం దాటాక దగ్గు ఆమెను మంచాన పడేసింది. పోయినప్పుడు కొడుకులు, బిడ్డలు ఎవరూ లేరు. షెడ్డులన్నీ ఆ పూట ఆగాయి. ఆమెను మంజీర ఒడ్డుకు తీసుకుపోయింది మేమే. పాడె మోయడానికి ఆడవాళ్లేమిటని ఎవరో అంటే రజియా వినిపించుకోకుండా భుజం పెట్టింది.

ఈమధ్య ఒడిశా నుంచి కొందరు ఆడపిల్లలు మా పట్నం షెడ్డుల్లో పనికి వచ్చారు. సంఘం సమావేశంలో ఒక చెల్లె లేచి, "బయటోళ్లు అక్కా, మన పని గుంజుకుంటున్నరు. గాళ్ల సంగతేందో తేల్చాలె" అంది. చాలా తలలు ఊగాయి. ఇప్పుడు సంఘం నడిపేది నేనే కాబట్టి అందరూ నా వైపు చూశారు. ఆ ఒడిశా పిల్లలు ఉంటున్న గది పక్క సందులోనే ఉందని తెలుసుకుని, పిలుచుకు రమ్మని ఆ చెల్లెనే పంపాను. వాళ్లు బెరుకుగా వచ్చి, ముందు వరసలో కూర్చున్నాక, శాంతాబాయి కథతో మాట మొదలుపెట్టాను.