తెరచాపలోరి చెంబు

మా వొదిన పోయిందన్న కబురు మా ఇంటిపేరు మీదుగా వచ్చింది. మొన్న పొద్దున్న నరసన్నపేట నుంచి ఒక పాలేరు వచ్చి, వీధి మొదట్లో నిలబడి "తెరచాపలోరిల్లేదండీ?" అని గట్టిగా అడిగాడు. ఎదురింటి తలుపు మూసుకుంది. మా వీధిలో ఆ పేరు అంత గట్టిగా వినబడి ఎన్నాళ్ళో అయింది. కొడుకుని పెరట్లోకి తోసి, నేనే గుమ్మంలోకి వెళ్ళాను.

"మీ పక్కింటి మామ్మగారు కూతురింటికాడ కాలం సేసీసినారండి. తెరచాపలోరికి ముందు సెప్పమన్నారు" అన్నాడు.

చావు కబురు విని ముందు ఊపిరి పీల్చుకున్నాను. ఏడుపు తర్వాత వచ్చింది.

వొదిన అన్నానే గాని మాది గోడ చుట్టరికం. జిల్లా మొత్తానికి మా ఇంటిపేరు రెండే కొంపలకుంది. మాలో పడవెక్కినవాడు ఒక్కడూ లేడు, పేరు మాత్రం తెరచాపల. పేరు అరుదైంది కనక ఊరికి మేమే గుర్తు: తెరచాపలోరి మలుపు, తెరచాపలోరి గట్టు, తెరచాపలోరి నుయ్యి. వొదినకైతే అది లేకుండా మాట సాగేది కాదు. వాన రాకపోతే, "తెరచాపలోరు ఒడియాలింకా ఎట్టలేదేటి? అవి ఎండలో ఎడితే గాని వాన రాదు" అనేది.

కొండల వైపు గొడవలు మొదలయ్యాక, మేం మొహం కూడా ఎరగని ఆ రెండో ఇంటి కుర్రవాడి పేరు పోలీసుల కాగితంలోకెక్కింది. మర్నాటికి ఊరు మా ఇంటిపేరు మరిచిపోయింది. మా నుయ్యి "ఆ నుయ్యి" అయింది. మమ్మల్ని కాయడానికేలెండి. నేనూ తక్కువ తినలేదు. ఇంటిపేరు చుక్కలతో కొట్టించిన ఇత్తడి సామానంతా గోనెలో కట్టి అటకెక్కించాను. ఒక చెంబు వొదిన దగ్గరుండిపోయింది. అడిగితే, "నానియ్యను. నీలు తాగడానికి బయమేటే?" అంది.

పోలీసు జీపు వచ్చి మా ఇల్లడిగిననాడు వీధంతా "ఎరగం బాబూ" అంది. వొదిన నూతి దగ్గర నుంచే, "ఇదే కదా బాబూ, తెరచాపలోరిల్లు" అంది.

తలుపు వెనక కొడుకు చేయి పట్టుకుని నిలబడి, ఆవిణ్ణి లోలోపల తిట్టని తిట్టు లేదు. ఆవిడ ఆగలేదు.

"తెరచాపలోరి గేదె ఈనింది, జున్ను తింతారేటి? ఆ గట్టూ ఆల్దే, మావోడికీ ఆలకీ రోజూ తగువే. ఈ సెంబూ ఆల్దే, నానింకా ఇయ్యనేదు. ఆల కొడుకు ఊడుపులకెల్లి ఇప్పుడే వొచ్చినాడు, పిలవమంటారా?"

అధికారి రాసుకోవడం మానేశాడు. మావాణ్ణి పిలిపించి, కాళ్ళకున్న బురద చూసి, రెండు మాటలడిగి వెళ్ళిపోయాడు.

"మతి పోయిందా వొదినా?" అన్నాను సాయంత్రం.

"ఈదంతా ఎరగమంటే ఆడికి అనుమానం రాదేటే? దాసిన పేరే దొంగ పేరవుతాది."

చెంబెత్తి నీళ్ళు తాగబోయింది. సగం చీర మీద ఒలికాయి. చెంబు రెండు చేతులా పట్టుకుని మళ్ళీ ఎత్తింది.

గొడవలింకా ఆరలేదు. జీపు మళ్ళీ రాదని ఎవరూ చెప్పలేదు. పాలేరు వెళుతూ వెళుతూ సంచిలోంచి చెంబు తీసి, "మామ్మగారు పోయేముందు ఆల్ది ఆలకిచ్చీమన్నారండి" అన్నాడు. నా చూపు అటక మీదికి పోయింది. నిచ్చెన గోడకే ఉంది.

చింతపండు పెట్టి తోమాను. అక్షరాల చుక్కల్లో ఇరుక్కున్న పిప్పిని పుల్లతో తీశాను. చెంబిప్పుడు నూతి గట్టు మీదుంది, పేరు వీధి వైపు. ఈ నాలుగు ముక్కలూ రాస్తూ బండి చప్పుడైనప్పుడల్లా లేచి కిటికీలోంచి చూస్తున్నాను. చెంబు మాత్రం తియ్యలేదు.