ఏడో నంబరు సాల్ట్

ల్యాబ్ గురించి లెక్చరర్లు రాస్తారు. అక్కడ చదువుకుని పెద్ద ఉద్యోగాల్లోకి వెళ్ళినవాళ్ళూ రాస్తారు. సీసాలు కడిగినవాడు రాసినది మటుకు నాకెక్కడా కనిపించలేదు. చోడవరం గ్రంథాలయంలో ముప్ఫై ఏళ్ళుగా చదువుతున్నవాణ్ణి కనుక వెతికే ఈ మాట అంటున్నాను. ఈ సంగతి నేను రాయకపోతే ఇంకెవరూ రాయరు. పైగా ఇందులో తప్పు నాది. తప్పు చేసినవాడు బతికుండగానే దాన్ని రాసిపెట్టడం మంచిది.

అది 2022వ సంవత్సరం. మా చోడవరం విశాఖపట్నం జిల్లా నుంచి అనకాపల్లి జిల్లాలోకి మారిన ఏడాది. నేను ఒక డిగ్రీ కాలేజీలో కెమిస్ట్రీ ల్యాబ్ అటెండర్ని. నా చదువు పదో తరగతితో ఆగిపోయింది. తర్వాత నేర్చుకున్నదంతా గ్రంథాలయం బల్ల దగ్గరే. పాత తెలుగు మీడియం డిగ్రీ పుస్తకాలు ఒక్కొక్కటీ రెండేసి మూడేసి సార్లు చదివాను. లెక్చరర్ రాని రోజున పిల్లలు వచ్చి నన్నడిగేవారు. అందుకు నాకు గర్వంగా ఉండేది, దాచుకోను.

మా ల్యాబ్‌లో మొదటి ఏడాది పిల్లలు చేసే పెద్ద పని సాల్ట్ అనాలిసిస్. పేరు చెప్పకుండా ఒక తెల్లటి పొడి ఇస్తాం. మంటలో పెట్టి, ఆమ్లాలు కలిపి, రంగులూ అవక్షేపాలూ చూసి, అది ఏ లవణమో వాళ్ళే కనిపెట్టాలి. సీసాల మీద నంబర్లే ఉంటాయి. ఏ నంబరులో ఏముందో రాసిన కాగితాన్ని కీ అంటాం. అది లెక్చరర్ దగ్గరే ఉండాలి, అటెండరుకు తెలియకూడదు. కానీ సీసాలు నింపేది అటెండరే కదా! నాకు కీ మొత్తం కంఠతా వచ్చు.

పరీక్షరోజు నీళ్ళు పోసే వంకతో అటెండరు సాల్ట్ పేరు చెవిన వేయడం కొత్తేమీ కాదు. టీ తాగించినవాళ్ళకు చెప్పేవాళ్ళున్నారు. నేను ఎవరి దగ్గరా ఏమీ పుచ్చుకోకుండా చెప్పేవాణ్ణి. అందుకే అది తప్పని ఏనాడూ అనిపించలేదు.

ఆ ఏడాది చేరిన అమ్మాయి నూకరత్నం. రావికమతం అవతల చిన్న ఊరు. షేర్ ఆటో, ఆపైన బస్సు పట్టుకుని వచ్చేది. ఇంటర్ దాకా తెలుగు మీడియం, ఇక్కడ అంతా ఇంగ్లీషు. మొదటి నెలంతా చివరి టేబుల్ దగ్గర పరీక్షనాళిక పట్టుకుని నిలబడేది. ఒకరోజు రికార్డు పుస్తకం నా ముందు పెట్టింది.

"బాబాయ్, ఇన్ఫరెన్స్ అంటే ఏటి?"

"చూసినదాన్నిబట్టి నువ్వేమనుకున్నావో అది."

"నేననుకుంటే సరిపోద్దా?"

"సరిపోవాలనే కదమ్మా ఈ తంటా అంతా."

నవ్వింది. ఆ నవ్వు చూశాక మా గ్రంథాలయానికి తీసుకెళ్ళి, గ్రంథపాలకుడు సన్యాసిరావు గారికి పరిచయం చేశాను. నేను చదివిన పుస్తకాలే ఆమె చేత చదివించాను. ఇంకో రోజు సింకు దగ్గర నాళికలు కడుగుతూ తన సంగతి చెప్పింది.

"మా యక్క అచ్యుతాపురం కంపెనీలో పనికి రోజూ బస్సెక్కుతంది బాబాయ్. ఈ సెమిస్టర్లో ఒక్క సబ్జెక్టు పోయినా నన్నూ ఎక్కించెత్తానన్నాడు నాన్న."

"కోపంలో అన్నాడేమో."

"కాదు. నెమ్మదిగానే అన్నాడు. అందుకే బయం."

ఆ రోజునుంచి మామూలు క్లాసుల్లో కూడా ఆమెకు సాల్ట్ పేరు ముందే చెప్పేసేవాణ్ణి. మేలు చేస్తున్నాననే అనుకున్నాను. నిజానికి మూడో నెలకల్లా ఆమె చెయ్యి కుదిరింది. మంటలో పెట్టే ప్లాటినం తీగను ఆమెలా శుభ్రం చేసేవాళ్ళు ఆ బ్యాచిలో లేరు. అయినా రాసేముందు ఒకసారి నా మొహం చూసేది. పక్క టేబుల్ దేవి, వడ్డాది అమ్మాయి, ఊరుకునేది కాదు.

"ఒసే రత్నం, అందరం కళ్ళతో సూస్తన్నాం. నువ్వు సెవులతో సూస్తన్నావేటే సాల్టు?"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. అప్పుడే ఆలోచించాల్సింది.

ప్రాక్టికల్ పరీక్షకు ముందు వారమంతా ముసురు. వేరే కాలేజీ నుంచి వచ్చే ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్‌ను తీసుకురావడానికి ఉదయం నేను బస్టాండుకు వెళ్ళాను. ఆ సమయంలో మా డిపార్ట్‌మెంట్ హెడ్ విజయకుమారి మేడమ్ సీసాలు చూసుకుంటూ, ఏడో నంబరులోని స్ట్రాన్షియం నైట్రేట్ చెమ్మకు గడ్డకట్టిందని పారబోసి, బేరియం క్లోరైడ్ నింపి, తన కీలో మార్చుకున్నారు. నాకు చెప్పలేదు. చెప్పవలసిన అవసరమూ లేదు.

నూకరత్నానికి ఏడో నంబరు వచ్చింది. నేను నీళ్ళు పోస్తూ ఆమె దగ్గర ఆగాను.

"స్ట్రాన్షియం నైట్రేట్."

ఆమె బర్నర్ వైపు చూపించింది. "మంట ఆకుపచ్చగొచ్చింది బాబాయ్."

స్ట్రాన్షియం అయితే ఎర్రగా రావాలి. "తీగ కడగలేదేమో," అన్నాను.

"మూడుసార్లు కడిగేను."

"పదహారేళ్ళుగా ఆ సీసా నింపుతన్నాను గుంటా. రాసెయ్."

ఒకసారి మంటను చూసింది. ఒకసారి నన్ను చూసింది. కాగితం మీద మంట రంగు కొట్టేసి ఎరుపని మార్చి, నేను చెప్పింది రాసింది.

వైవాలో ఎక్స్‌టర్నల్ సార్ ఆ కాగితాన్ని చాలాసేపు చూశారు. "మంట ఏ రంగులో వచ్చిందమ్మా?"

ఆమె కాగితం వైపు చూసింది.

"రాసింది కాదు, నువ్వు చూసింది చెప్పు."

"పచ్చ సార్."

"మరి ఎరుపని రాశావే? ఎవరు చెప్పారు?"

నేను నాలుగడుగుల దూరంలో ఉన్నాను. నా చేతిలో నీళ్ళ సీసా ఉంది. నోరు తెరవాలి. తెరవలేదు. ఉద్యోగం గుర్తొచ్చింది, పరువు గుర్తొచ్చింది. చదివిన పుస్తకం ఒక్కటీ గుర్తు రాలేదు.

నూకరత్నం నా వైపు చూడలేదు. "ఎవరూ సెప్పలేదు సార్. నేనే తప్పు రాసేను. టైముంటే మళ్ళీ చేస్తాను సార్."

ఇంకా నలభై నిమిషాలుందని మేడమ్ అన్నారు. మొదటి కాగితానికి మార్కులు ఉండవనీ, కావాలంటే మళ్ళీ చేయవచ్చనీ సార్ అన్నారు. ఏడో నంబరు సీసా తెచ్చి పొడి వేయమని నాకు చెప్పారు. గాజు పళ్ళెంలో వేస్తుంటే ఆ స్ఫటికాల మెరుపు చూసి అదేమిటో నాకు తెలిసిపోయింది. ఆమె ముందు పెడుతూ వంగాను.

"అమ్మా, అది..."

"ఏటీ సెప్పకు బాబాయ్."

గొంతులో కోపం లేదు. నేను వెనక్కి తగ్గాను.

మొదటినుంచీ చేసింది. నైట్రేట్ అయితే గోధుమరంగు వలయం రావాలి. రాలేదు. సిల్వర్ నైట్రేట్ వేస్తే పెరుగులాంటి తెల్లని అవక్షేపం వచ్చింది, అమ్మోనియాలో కరిగింది. మంట మళ్ళీ ఆకుపచ్చగానే వచ్చింది, అది బేరియం రంగు. ఒక్కసారి కూడా ఎవరి మొహమూ చూడలేదు. బేరియం క్లోరైడ్ అని రాసి ఇచ్చింది.

సార్ చదివి, "ఈసారి ఎవరి మాట?" అన్నారు.

"నాదే సార్."

పాసయింది. ఆ సెమిస్టర్‌లో ఆమెకు అన్నిటికంటే తక్కువ వచ్చింది అందులోనే.

సాయంత్రం మేడమ్ దగ్గరకు వెళ్ళి అంతా చెప్పాను. ఎన్నాళ్ళనుంచి అని అడిగారు. చేరినప్పటినుంచి అన్నాను. ఆవిడ, "మీరు చెబుతారని నాకు అనుమానం ఉండేది. చెప్పినా సరిగ్గానే చెబుతారు కదా అని వదిలేశాను," అన్నారు. ప్రిన్సిపాల్ గారు మెమో ఇచ్చారు. అది నా ఫైలులో ఉంది, ఉండాలి కూడా. ఆ తర్వాత సీసాలు మేడమే నింపుకున్నారు.

మర్నాడు నూకరత్నాన్ని క్షమించమని అడిగాను. "నువ్వు తప్పు సెప్పేవని కాదు బాబాయ్ నా బాద. కళ్ళతో సూసింది నేనే కొట్టేసేను, అదీ," అంది. రెండో సెమిస్టర్‌లో అదే అమ్మాయి లెక్చరర్‌ను ఆపి ప్రశ్నలు వేయడం విన్నాను. ఇప్పుడు ఎమ్మెస్సీ చదువుతోంది.

నాకు కెమిస్ట్రీ ఎలా వచ్చిందని తర్వాత చాలాసార్లు ఆలోచించాను. గ్రంథాలయంలో నా చెవిలో జవాబు చెప్పేవాళ్ళు ఎవరూ లేరు. అర్థం కాక, పేజీ వెనక్కి తిప్పి, మళ్ళీ చదివి, నాకు నేను తేల్చుకున్నాను. నాకు దక్కిన ఆ అవకాశాన్ని పదహారేళ్ళపాటు పిల్లలకు దక్కనివ్వలేదు. దానికి దయ అని పేరు పెట్టుకున్నాను. ఎంతమందికి అలా చేశానో లెక్క చెప్పలేను. వాళ్ళలో నూటికి తొంభై తొమ్మిదిమందికి సరైన జవాబే చెప్పి ఉంటాను. అది ఊరట కాదు.

నా మాట పూర్తిగా విన్న విజయకుమారి మేడమ్‌కు, అడగవలసిన ప్రశ్న అడిగిన ఆ ఎక్స్‌టర్నల్ సార్‌కు, నాకూ ఆ అమ్మాయికీ ఒకే బల్ల దగ్గర చోటిచ్చిన సన్యాసిరావు గారికి, మా అందరికంటే ముందే నిజం కనిపెట్టిన దేవికి కృతజ్ఞతలు. ఇక నూకరత్నానికి. అచ్చుకు పంపేముందు ఇది ఆమెకు చదివి వినిపించి, పేరు మార్చమంటావా అని అడిగాను.

"మార్చకు బాబాయ్," అంది. "మళ్ళీ చేసింది నేనే కదా."